రుథార్డ్ పోసిన నీళ్ళు

మా వైడెన్‌ఫార్ రేవులో రుథార్డ్ కంటే ముందు వాళ్ళ నాన్న పడవ నడిపాడు. అంతకుముందు వాళ్ళ నాన్న మేనమామ నడిపాడు. రైన్ నది మా దగ్గర వంపు తిరిగి బాగా వెడల్పవుతుంది. ఎడమ ఒడ్డున మా ఇళ్ళు, ద్రాక్షతోటలు. కుడి ఒడ్డున చర్చి, సంత, మంత్రసాని ఊడా ఇల్లు. అందుచేత మాలో ఎవరు పుట్టినా, పెళ్ళాడినా, పోయినా రుథార్డ్ పడవ కదలాల్సిందే.

మనిషి పొడుగు. తెడ్డు వేసీ వేసీ ఒక భుజం కిందికి జారిపోయింది. నీళ్ళ మీద ఉన్నంతసేపూ నోరు విప్పేవాడు కాదు. పడవ ఎక్కుతూ "ఏం రుథార్డ్, ఈ ఏడు సాల్మన్ చేప ఎలా ఉంది?" అని అడిగితే అవతల దిగేటప్పుడు "పోయినేడే నయం" అని జవాబు వచ్చేది. కొత్తవాళ్ళు చెవుడనుకునేవాళ్ళు. ఆయన భార్య గేపా అందుకు పూర్తిగా వేరు. చేపల బుట్టలు అల్లేవాడి కూతురు. చేతులతోపాటు నోరు కూడా ఆడుతూనే ఉండేది. "ఆయన వాటా మాటలు కూడా నాకే ఇచ్చేశారు దేవుడుగారు" అనేది.

వాళ్ళకు మొదట ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఇద్దరూ నీళ్ళు పోసేలోపే పోయారు. జ్ఞానస్నానం కాని పిల్లల్ని చర్చి ఆవరణలో పూడ్చనివ్వరు. గోడ బయట, దురదగుంటాకు మొలిచే చోట పెట్టారు. ఏటా వసంతంలో రుథార్డ్ వెళ్ళి ఆ మొక్కలు పీకేసి వచ్చేవాడు. చేతులు దద్దుర్లెక్కి వస్తే గేపా ఏమీ అడక్కుండా వెన్న రాసేది. ఆ ఒక్క రోజు మాత్రం ఆమె నోరు ఆడేది కాదు.

మూడో కాన్పు ఉపవాసకాలం మధ్యలో వచ్చింది. వరద కూడా అప్పుడే వచ్చింది. చెట్ల మానులు, కంచెలు, కోళ్ళతో సహా ఒక కోళ్ళగూడు కొట్టుకొచ్చాయి. రేవు ఇల్లు ఊరికి దూరంగా మెరక మీద ఉంటుంది, నీళ్ళెక్కితే దీవి అయిపోతుంది. గేపాకు ఇంకా నెలలు నిండలేదు. అయినా ఆ పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. రుథార్డ్ ఊడాను తేవడానికి పడవ దించాడు. నది దాన్ని గిర్రున తిప్పి మళ్ళీ వాళ్ళ గుమ్మం దగ్గరే పడేసింది. మళ్ళీ దించబోతుంటే లోపలినుంచి గేపా అరిచింది.

"నువ్వు కూడా మునిగితే నాకొరిగేదేంటయ్యా? లోపలికి తగలడు!"

ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. పెదాలు పలకరాయి రంగులో ఉన్నాయి. ఊపిరి తీయబోయి ఎక్కడో అడ్డం పడ్డట్టు డొక్కలు ఒకసారి లోపలికి పీక్కున్నాయి, తర్వాత కదలిక లేదు. గొర్రెపిల్లకు చేసినట్టు రుథార్డ్ ఎండుగడ్డితో వీపు రుద్దాడు. నోట్లో వేలు పెట్టి జిగురు తీశాడు. కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తాడు. గేపా వైపు చూస్తే ఆమె మొహం సున్నంలా పాలిపోయి ఉంది. పిలిస్తే పలకలేదు. నెత్తురు ఇంకా ఆగలేదు.

పిల్లను బతికించడం తనవల్ల కాదని అర్థమయ్యాక రుథార్డ్‌కు గోడ బయటి చోటు గుర్తొచ్చింది. పొయ్యి పక్కన కూజాలో తేరిన నీళ్ళున్నాయి. చర్చిలో గురువుగారు అందరికీ నేర్పిన మాటలే, కంగారులో ఎక్కడ తప్పుతానోనని ఒక్కొక్కటి నొక్కి పలుకుతూ, "ఇమ్మా, తండ్రి పేరట, కుమారుడి పేరట, పవిత్రాత్మ పేరట నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను" అని పిల్ల నెత్తిన పోశాడు. ఇమ్మా అన్నది వాళ్ళమ్మ పేరు. ఇంకో పేరు ఆలోచించే వ్యవధి లేదు.

చల్లదనానికో, ముక్కులోకి నీళ్ళు పోయాయో, పిల్ల తుమ్మింది. తుమ్మిన ఊపులో గాలి లోపలికి పోయింది. ఆ తర్వాత ఏడుపు మొదలుపెట్టిందంటే, స్పృహలేని తల్లి కళ్ళు తెరిచి "ఎవర్నిరా కొడుతున్నావు?" అని అడిగిందట.

వరద తీశాక ఊడా వచ్చింది. తల్లినీ బిడ్డనూ చూసి, నాభి చూసి, నాలుక చూసి, తృప్తిగా గుడ్డ మడుస్తూ అడిగింది.

"నీళ్ళెవరు పోశారే?"

"మా ఆయనే" అంది గేపా గొప్పగా.

ఊడా మడుస్తున్న గుడ్డ వదిలేసింది. "ఎవరూ?"

"మా ఆయనే అంటుంటే! నాకు తెలివి లేదు. ఇంకెవరున్నారిక్కడ, కోళ్ళు తప్ప?"

"కోడి పోసినా బాగుండేదే తల్లీ! ఒరే రుథార్డూ, ఇట్రా. నీళ్ళు పోసినవాడు పిల్లకేమవుతాడ్రా?"

"జ్ఞానతండ్రి."

"జ్ఞానతండ్రికీ కన్నతల్లికీ వరసేంటి?"

ఇది మాలో పసిపిల్లలకూ తెలిసిన సంగతే. జ్ఞానతండ్రీ కన్నతల్లీ తోడబుట్టినవాళ్ళ కింద లెక్క. ఎవరు ఎవరికి జ్ఞానతల్లో చూసుకోకుండా మేం పెళ్ళిమాటలు ఎత్తం.

"అన్నాచెల్లెళ్ళ వరస" అన్నాడు రుథార్డ్.

"మరి ఈ మంచం మీద పడుకున్నది ఇప్పుడు నీకేమవుతుంది?"

"ముసలిదానా, నోరు కడుక్కో!" అంది గేపా లేవబోతూ. "వీడు నాకు చర్చి గుమ్మంలో పెళ్ళాడిన మొగుడు."

"నామీద పడతావేంటే, నేను కాదన్నానా? గురువుగారేమంటారో అది చూడండి. అందాకా నువ్వు బయట పడుకోరా అబ్బాయ్. పిల్ల బాగుంది, అది చాలు."

మా గురువుగారు ఎబ్బో మెత్తటి మనిషి. రుథార్డ్ వెళ్ళేసరికి చర్చి వెనక ఉల్లిమడిలో కలుపు తీస్తున్నాడు. మొత్తం విని మట్టిచేత్తోనే నుదురు రుద్దుకున్నాడు.

"స్వామీ, పిల్ల చచ్చిపోతోంది. చూస్తూ ఊరుకోవాలా?"

"ఊరుకోకూడదు. నువ్వు చేసింది మంచిపనే."

"మరి తప్పెక్కడుంది?"

"తప్పని నేనన్నానా? వరస మారిందంటున్నాను. మంచిపనికైనా వరస మారుతుంది నాయనా. ప్రాణం మీదికొచ్చినప్పుడు పోస్తే మారదని కూడా ఎక్కడో విన్నాను. ఎక్కడ విన్నానో గుర్తు రావడం లేదు. నా అంతట నేను తేల్చి చెప్పలేను. ఆర్చ్‌బిషప్‌గారు చెప్పాలి."

"ఏ ఆర్చ్‌బిషప్‌గారు స్వామీ?"

ఎబ్బో దగ్గాడు. ఆ ఏడు ఆయన దగ్గు మా రెండు ఒడ్లకూ బాగా తెలుసు. రాజుకూ రోమ్‌లో ఉన్న పోప్‌కూ తగువు. పదవికి గుర్తుగా బిషప్ చేతికి కర్రా ఉంగరమూ ఇచ్చే హక్కు ఎవరిదన్నది గొడవ. మా ఆర్చ్‌బిషప్ హెల్మ్‌రిక్ వాటిని ఎప్పుడో రాజు చేతిమీదుగా తీసుకున్నాడు, అప్పట్లో ఎవరూ వింతగా చూడలేదు. ఇప్పుడు అది నేరమని పోప్ ఆయన్ను వెలివేశాడు. వెలిపడ్డవాడితో తినకూడదు, మాట్లాడకూడదు. మాట్లాడితే ఆ వెలి మనకూ అంటుతుంది. పోప్ పక్షంవాళ్ళు ఆయన స్థానంలో కొండమీది మఠంలోని ఒక సన్యాసిని ఆర్చ్‌బిషప్‌ను చేశారు. మేమంతా ఆయన్ను కొండస్వామి అనేవాళ్ళం. ఎడమ ఒడ్డు రాజు మనుషులది, కాబట్టి హెల్మ్‌రిక్‌ది. కుడి ఒడ్డు కొండస్వామిది. పూజలో "మా ఆర్చ్‌బిషప్ ఫలానా వారి కొరకు" అని ప్రార్థించే చోటు వచ్చేసరికి ఎబ్బోకు దగ్గు తెర వచ్చేది. ఏ పేరు పలికాడో దేవుడికే వినిపించేది.

"ఈయన అవునంటే ఆ ఒడ్డు ఒప్పుకోదు, ఆయన అవునంటే ఈ ఒడ్డు ఒప్పుకోదు" అన్నాడు ఎబ్బో. "అందాకా విడిగా ఉండండి."

రుథార్డ్ పడవల పాకలోకి మారాడు. గేపా గంజిగిన్నె గడప బయట పెట్టి వెనక్కి జరిగేది, ఆయన వచ్చి తీసుకునేవాడు. పిల్లను మాత్రం తలుపు తెరిచి చూపించేది. సాయంత్రం పనయ్యాక ఆయన తడిక గోడకు చెవి ఆనించి బయట కూర్చునేవాడు.

"పడుకుందా?"

"పడుకుంది."

"ఊపిరి తీస్తోందా?"

"తీస్తోంది."

కాసేపాగి, "ఇప్పుడో?"

"ఇప్పుడు మానేసింది, నీ గోల పడలేక!"

అంతలోనే తడిక అవతల గేపా లేచి, వంగి, పిల్ల ముక్కు దగ్గర చెంప పెట్టి చూసుకున్న చప్పుడు కూడా ఆయనకు వినిపించేది. మొదటి ఇద్దరూ పోయిన తల్లి. నిద్రపోతున్న పిల్ల మరీ కదలకుండా ఉన్నా భయమే, మరీ కదిలినా భయమే.

జనం ఊరుకోరు గదా. ఒకసారి కుడి ఒడ్డు కసాయివాడు పడవలో అందరి ముందూ "ఏరా, చెల్లెలు బాగుందా?" అన్నాడు. రుథార్డ్ తెడ్డు పైకెత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. పడవ దిగువకు కొట్టుకుపోవడం మొదలైంది. రాతిగుట్టలు దగ్గరవుతున్నాయి. "అన్నా, తప్పయింది! అన్నా, నా పందులున్నాయి పడవలో!" అని వాడు ఏడిచిందాకా తెడ్డు దించలేదు.

అసలు భయం వేరే ఉంది. కొండస్వామి వరసల విషయంలో కఠినమని పేరు. పైఊళ్ళో ఒక తల్లి, మొగుడితో సరిపడక, విడిపోవచ్చన్న ఉద్దేశంతో తన పిల్లకు తానే జ్ఞానతల్లిగా నిలబడిందట. ఆయన వాళ్ళను నిజంగానే విడదీశాడు. ఆమె ఇప్పుడు సన్యాసినుల మఠంలో బట్టలుతుకుతోంది. పిల్లను తండ్రి దగ్గర ఉంచారు. ఇది విన్నప్పటినుంచీ గేపాకు తిండి సయించలేదు. చనుబాలు తగ్గాయి. వాళ్ళ నాన్న వచ్చి "నా దగ్గరికొచ్చెయ్యమ్మా" అంటే "పిల్లో?" అని అడిగింది. ఆయన తల దించుకుని బుట్ట అల్లుకుంటూ కూర్చున్నాడు.

ఈస్టర్ వెళ్ళింది. ద్రాక్ష చిగురు వేసింది. ఒక మధ్యాహ్నం ఎడమ ఒడ్డున ఎవరో రేవు గంట కొట్టారు. పడవ అవతల ఉంది. మా రేవులో పిలిచినవాణ్ణి దాటించడమే ఉంది, ఎవరని అడగడం లేదు. రుథార్డ్ వచ్చి చూస్తే ఇద్దరు ముసలివాళ్ళు, ఒక కంచరగాడిద. ఒకడు నౌకరు. రెండోవాడు భారీ మనిషి, తలకు టోపీ లేదు, బట్టల నిండా ఎవరో విసిరిన మట్టీ కుళ్ళిన క్యాబేజీ. తెగ దగ్గుతున్నాడు. చేతికి ఉంగరం ఉంది.

"మొహం చూడకుండా నడుపు" అన్నాడు నౌకరు. "నీ మంచికే."

రుథార్డ్ అప్పటికే చూశాడు. చిన్నప్పుడు తన నుదుటికి తైలం రాసింది ఆ చెయ్యే. నగరంలో జనం ఆర్చ్‌బిషప్ హెల్మ్‌రిక్ మీద తిరగబడ్డారనీ, వెళ్ళగొట్టారనీ పొద్దున్నుంచీ పుకారు ఉంది. రాజు విడిది కుడి ఒడ్డునుంచి ఎగువకు వెళ్తే వస్తుంది. అక్కడికి పోతున్నట్టున్నారు.

పడవ కదిలింది. ముసలాయన అడుగున తడిచెక్కల మీదే కూలబడ్డాడు. రుథార్డ్ సంచిలోంచి రై రొట్టె తీసి ఇవ్వబోయాడు.

"వద్దు నాయనా. నీ చేత్తో తీసుకుంటే నీకూ అంటుతుంది."

రుథార్డ్ రొట్టెను బల్ల మీద పెట్టి మొహం అటు తిప్పుకున్నాడు. "పక్షుల కోసం పెట్టాను" అన్నాడు. కాసేపటికి నమిలే చప్పుడు వినిపించింది.

నది మధ్యకు వచ్చారు. పుట్టి బుద్ధెరిగాక నీళ్ళమీద మాట్లాడని మనిషి అప్పుడు మాట్లాడాడు. ఇటు తిరగకుండానే, నదికి చెబుతున్నట్టు, వరద సంగతీ, కూజా సంగతీ, పిల్ల తుమ్మిన సంగతీ, తడిక గోడ సంగతీ చెప్పాడు. "తమరు ఒక్క మాట అంటే చాలు పెద్దస్వామీ. మేం మొగుడూ పెళ్ళాలమా, కాదా?"

"మొగుడూ పెళ్ళాలే" అన్నాడు హెల్మ్‌రిక్ వెంటనే. "ప్రాణావసరంలో పోసిన తండ్రిని విడదీయకూడదని పాత తీర్పే ఉంది. దీన్ని మేం బడిలో పిల్లలకు చెప్పేవాళ్ళం. ఇల్లు కాలుతుంటే పక్కింటి బావిలో తోడుకున్నవాణ్ణి దొంగ అనరు, మంట ఆరాక కూడా అనరు, అని."

రుథార్డ్ తెడ్డు వేయడం ఆపాడు. "అయితే మా ఇంటికెళ్ళి చెప్పేదా?"

"చెప్పు. మీ ఒడ్డు నమ్ముతుంది. మీ చర్చి ఉన్న ఒడ్డో?"

రుథార్డ్ చర్చి ఉన్న ఒడ్డు వైపు చూశాడు.

"నా మాట ఇవాళ సగం నదిదాకానే చెల్లుతుంది" అన్నాడు ముసలాయన. దగ్గు ఆగాక మళ్ళీ అందుకున్నాడు. "ఈ ఉంగరం తీసుకున్నప్పుడు నాకు ముప్పై ఏళ్ళు లేవు. రాజు ఇచ్చాడు, మోకాళ్ళ మీద కూర్చుని తీసుకున్నాను. అలాగే తీసుకునేవాళ్ళం. ఇప్పుడది తప్పంటున్నారు. తప్పేనేమో. కానీ ఆ రాజు ఇప్పుడు కష్టంలో ఉన్నాడు. ఇప్పుడు వదిలేస్తే, తప్పనిపించి వదిలానో, భయపడి వదిలానో నాకే తెలియదు."

"మీకు పెళ్ళాం లేదు గనక సరిపోయింది స్వామీ" అన్నాడు రుథార్డ్.

నౌకరు ఉలిక్కిపడ్డాడు. హెల్మ్‌రిక్ మాత్రం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది.

"విను" అన్నాడు ఒడ్డు దగ్గరవుతుంటే. "కొండమీది ఆయన్నే అడగండి. ఆయన అవునంటే రెండు ఒడ్లకూ సరిపోతుంది, ఎందుకంటే మీ ఒడ్డుకు నేను చెప్పేశాను. కానీ 'విడిపోవాలా' అని మొదలుపెట్టకు. అలా అడిగినవాళ్ళందరూ విడిపోవాలనే వచ్చినట్టు కనబడతారు ఆయనకి. పిల్ల జ్ఞానస్నానం చెల్లిందా అని అడుగు. చెల్లిందంటాడు. ఎందుకు చెల్లిందో ఆయన నోటితోనే చెప్పించు. ఇంకొకటి, నా పేరు ఎత్తకు. ఎత్తావా, అంతా పోయినట్టే."

అంత పెద్దాయన, తన పేరును తానే పక్కకు తోసేసి, తన కుర్చీలో కూర్చున్నవాడి దగ్గరికి దారి చెప్పాడు. చెప్పి ఒడ్డున దిగి, గాడిద మెడ పట్టుకుని నడిచిపోయాడు. ఆ చలికాలంలోనే ఆయన రాజు విడిదిలో పోయాడు. వెలి తీయలేదు కాబట్టి చాలాకాలం ఆయన్ను కూడా చర్చి ఆవరణలో పెట్టనివ్వలేదని విన్నాం.

ఒడ్డున ఆ కసాయివాడు చూడనే చూశాడు. పొద్దువాలేలోపు కుడి ఒడ్డంతా తెలిసిపోయింది. మర్నాడు ఎబ్బో పరుగున వచ్చాడు.

"ఆయనతో మాట్లాడావా?"

"నదితో మాట్లాడాను స్వామీ. ఆయన విన్నాడు."

"తెలివి చాలులే! మఠం ద్వారపాలకుడికి కబురెళ్ళింది. వెలిపడ్డవాడితో మాట్లాడినవాణ్ణి లోపలికి రానివ్వరు. నువ్వు ఏడాది దాకా ఆ గుమ్మం తొక్కలేవు."

తలుపు దగ్గర నిలబడి అంతా వింటున్న గేపా అడిగింది.

"నేను ఆ పడవలో లేను కదా స్వామీ?"

"లేవు."

"నేను ఆయన మొహమైనా చూడలేదు కదా?"

"చూడలేదమ్మా."

"అయితే నేను పోతాను. ఏమయ్యా, ఆయన ఏమన్నాడో మళ్ళీ చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు, నీలాగా తుంచి చెప్పకు."

కొండ ఎక్కడం మా మగవాళ్ళకే ఆయాసం. పిల్లను రొమ్ముకు కట్టుకుని, ఊడాను తోడు తీసుకుని గేపా తెల్లవారగానే బయల్దేరింది. దారి పొడుగునా ఆ ప్రశ్నల్ని వల్లిస్తూనే ఉంది. "ఇంకోసారి 'చెల్లిందా' అన్నావంటే నిన్ను లోయలోకి తోసేస్తానే" అందట ఊడా.

కొండస్వామి మఠం ముంగిట బెంచీ మీద కూర్చుని ఫిర్యాదులు వింటున్నాడు. బక్కపలచటి మనిషి, చలికి ముక్కు ఎర్రబడి ఉంది. పక్కన ఒక యువసన్యాసి. గేపా వంతు వచ్చేసరికి వల్లించినదంతా ఎగిరిపోయింది. అదే సమయానికి ఇమ్మాకు వెక్కిళ్ళు పట్టుకున్నాయి.

"ఏంటమ్మా?" అన్నాడాయన.

"పిల్లకి వెక్కిళ్ళు స్వామీ."

"దానికి నేనేం చెయ్యను? పాలివ్వు."

ఊడా వెనకనుంచి గిల్లింది. గేపా తేరుకుంది. "స్వామీ, మా పిల్ల జ్ఞానస్నానం చెల్లిందా, లేదా?"

"ఎవరు ఇచ్చారు?"

"వాళ్ళ నాన్న. ఇది ఊపిరి తీయడం లేదు. నేను తెలివి తప్పి ఉన్నాను. చుట్టూ వరద."

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "ఏ మాటలన్నాడు?"

గేపా చెప్పింది. ఆయన పెదాలు కూడా ఆమెతోపాటే కదిలాయి. "చెల్లింది. మళ్ళీ ఎవరూ పోయకూడదు."

"ఎందుకు చెల్లింది స్వామీ? మా ఆయన గురువు కాడు కదా?"

"అవసరం కాబట్టి."

"ఆ అవసరం మా ఆయనకి నీళ్ళు పోసేదాకానే ఉండి, పోసిన వెంటనే లేకుండా పోతుందా?" ఇది ముసలాయన చెప్పిన మాట కాదు, ఆమె కడుపులోంచి వచ్చింది. తర్వాతిది మాత్రం ఆయనదే. "ఇల్లు కాలుతుంటే పక్కింటి బావిలో తోడుకున్నవాణ్ణి దొంగ అనరు కదా స్వామీ. మంట ఆరాక కూడా అనరు కదా."

కొండస్వామి పక్కనున్న సన్యాసితో "ఆ పిల్లకి కాస్త వేడినీళ్ళు తెప్పించు" అన్నాడు. అతను వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఈ మాట నీకెవరు చెప్పారు?"

"మా ఆయన."

"ఆయనకెవరు చెప్పారు?"

గేపా పిల్లను గట్టిగా పట్టుకుంది. పేరు చెప్తే అంతా పోతుంది. దేవుడి మనిషి ముందు అబద్ధమాడితే పిల్లకేం తగులుతుందోనని ఇంకో భయం.

"మా ఆయన పడవ నడుపుతాడు స్వామీ" అంది.

"పడవలో ఎవరెవరో ఎక్కుతారు" అన్నాడాయన మెల్లగా.

"ఎక్కుతారు. ఎవరని అడిగే పద్ధతి మా రేవులో లేదు."

"మంచి పద్ధతి." ఆయన తన చేతుల్ని చూసుకున్నాడు. "నేను చదువుకున్న బడిలో మా గురువుగారొకరు ఈ బావి సంగతి చెప్పేవారు. ఏటా చెప్పేవారు. మేం వెనక కూర్చుని నవ్వుకునేవాళ్ళం." తలెత్తి, "ఆ పడవ ఎక్కినాయనకి దగ్గు తగ్గిందా?" అన్నాడు.

"లేదట స్వామీ. నెత్తిన కప్పుకోవడానికి కూడా ఏమీ లేదట."

సన్యాసి వేడినీళ్ళతో వచ్చాక ఆయన లేచి నిలబడి, ముంగిట ఉన్న అందరికీ వినబడేలా చెప్పాడు. వైడెన్‌ఫార్ పడవవాడు ప్రాణావసరంలో తన బిడ్డకు జ్ఞానస్నానమిచ్చాడు. అతనికీ భార్యకూ వరస మారలేదు. వాళ్ళను విడదీయాలన్నవాడు తన దగ్గరికి వచ్చి మాట్లాడాలి.

"మరి వాడు వెలిపడ్డవాడితో మాట్లాడాడు గదా, స్వామీ" అని ఎవరో అన్నారు.

"వాడు నదితో మాట్లాడాడని వాళ్ళ గురువు కబురు పంపాడు. నదిని ఎవరూ వెలివేయలేదు." అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు మా రెండు ఒడ్లూ ఒప్పుకున్న తీర్పు అదొక్కటే.

వాళ్ళు దిగి రేవుకు వచ్చేసరికి చీకటి పడలేదుగానీ సన్నగా వాన మొదలైంది. పడవలో సంతనుంచి వచ్చేవాళ్ళు నిండుగా ఉన్నారు. రుథార్డ్ గేపా మొహం చూశాడు, ఆమె పిల్లకు తడవకుండా శాలువా సర్దుకుంటూ తల దించుకునే ఉంది. అందరి ముందూ అడగలేక ఊరుకున్నాడు. తెడ్డు ఎంత తప్పుగా వేశాడంటే ఊడా మీద నీళ్ళు చిందాయి.

ఇల్లు చేరాక గేపా లోపలికి వెళ్ళి పొయ్యి రాజేసింది. పిల్లను పొడిగా తుడిచింది. రుథార్డ్ బయట చూరు కింద నిలబడ్డాడు.

"ఏమన్నారు?"

"మారలేదన్నారు."

"ఏది మారలేదన్నారు?"

"వరస."

"ఆ మాటే అన్నారా? వరస అన్నారా, ఇంకేమైనా అన్నారా?"

"వరస మారలేదు, ఎవరూ విడదీయకూడదు అన్నారు. అందరి ముందూ."

"ఇంకోసారి చెప్పు. మొదటినుంచీ చెప్పు. నువ్వు వెళ్ళగానే ఆయన ఎక్కడ కూర్చున్నాడు?"

"బెంచీ మీద" అని గేపా మొదలుపెట్టి ఆగింది. చూరునుంచి నీళ్ళు ఆయన జారిన భుజం మీద కారుతున్నాయి. ఆయన చూసుకోవడం లేదు. తెరిచిన తలుపులోంచి చల్లగాలి తిన్నగా పిల్ల మీదికి కొడుతోంది.

"మొదటినుంచీ చెప్తాలేవయ్యా. ముందు లోపలికొచ్చి తలుపెయ్యి, పిల్లకి గాలి తగులుతోంది."

ఆయన కాళ్ళకున్న బురద దులుపుకుని లోపలికి వెళ్ళి తలుపు వేశాడు.